కడుపు పంటకు ఎండదెబ్బ



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో, ఆ డాక్టరమ్మ గారు పల్నాడులో చాలా ఏళ్లు కాన్పుల వైద్యురాలిగా పనిచేశారు. పిల్లలు కలగలేదని అత్తగారు కోడలిని వెంటబెట్టుకుని వస్తే, కోడలిని ఒక్కదాన్నే పరీక్ష చేయడానికి ఆమె ఒప్పుకునేవారు కాదట. కొడుకును కూడా తీసుకురండి, అప్పుడే చీటీ రాస్తాననేవారని ఆమె దగ్గర పనిచేసిన నర్సులు ఇప్పటికీ చెబుతారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో లోపం మగవారి వైపు కూడా ఉంటుంది. అయినా గొడ్రాలన్న మాట ఆడమనిషికే మిగిలింది. డాక్టరమ్మ గారు పిల్లలు లేకపోవడాన్ని ఎవరి కర్మగానూ చూడలేదు. ఇద్దరి ఒంట్లోనూ, వాళ్లు చేసే పనిలోనూ, తాగే నీళ్లలోనూ కారణం వెతికారు. అలా వెతకాల్సిన వాటిలోకి ఇప్పుడు ఎండ కూడా వచ్చి చేరింది. ఈరోజు నా ప్రసంగానికి దాన్నే విషయంగా తీసుకున్నాను.

మొదట ఒక సంగతి తేల్చుకుని ముందుకు వెళ్దాం. తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు తగ్గిపోతున్నారన్న ఆందోళన ఈమధ్య బాగా వినిపిస్తోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా తరగకుండా ఉండాలంటే ఆ సంఖ్య 2.1 ఉండాలి. ఈ తగ్గుదలను వాతావరణ మార్పు ఖాతాలో వేయడం సరికాదు. ఇది మన ఆడవాళ్లు తెచ్చిన మార్పు. ఆడపిల్లల చదువులు పెరిగాయి, పుట్టిన బిడ్డలు బతుకుతున్నారు, ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇద్దరు చాలనుకుని ఆపేయడం వేరు. కావాలనుకున్న బిడ్డ కడుపున పడకపోవడం, పడిన కడుపు నిలవకపోవడం వేరు. నేను మాట్లాడేది ఈ రెండో దాని గురించి.

మగవారి సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే మన ఇళ్లల్లో ఆ ప్రస్తావన చివరికి కూడా రాదు. వీర్యకణాలు తయారయ్యే వృషణాలు ఒంటి లోపల కాకుండా బయట సంచిలో ఉండటానికి కారణం ఉష్ణోగ్రతే. ఒంటి వేడి 37 డిగ్రీలు. వృషణాలకు అంతకంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ కావాలి. అందుకోసం శరీరం చేసుకున్న ఏర్పాటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ సంచి చర్మం కింద కొవ్వు ఉండదు, చెమట గ్రంథులు మాత్రం దండిగా ఉంటాయి. చలి వేస్తే ఒక కండరం వృషణాలను ఒంటి దగ్గరికి లాక్కుంటుంది, వేడెక్కితే కిందికి వదులుతుంది. వృషణానికి రక్తం తెచ్చే ధమని చుట్టూ సన్నని సిరలు అల్లుకుని ఉంటాయి. తిరిగి వెళ్లే చల్లటి రక్తం, లోపలికి వచ్చే వేడి రక్తాన్ని దారిలోనే చల్లబరుస్తుంది. ఏనుగుకూ తిమింగలానికీ వృషణాలు కడుపులోనే ఉంటాయి కాబట్టి ప్రకృతికి ఇదొక్కటే దారి అనలేం. మనిషికి దొరికిన దారి మాత్రం ఇదే. పుట్టినప్పుడు వృషణాలు కిందికి దిగని మగపిల్లవాడికి తొందరగా ఆపరేషన్ చేయించమని పిల్లల వైద్యులు పట్టుబట్టేది ఇందుకే.

ఈ ఏర్పాటుకు ఒక హద్దు ఉంది. బయటి గాలి ఒంటికన్నా వేడెక్కినా, గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరకపోయినా చల్లబడే దారి మూసుకుపోతుంది. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత దానికి ఈదే శక్తి రావడానికి మరో రెండు వారాలు. ఈ ప్రయాణం మధ్యలో, విభజన చెందుతున్న దశలో ఉన్న కణాలు వేడికి అన్నిటికన్నా ముందు దెబ్బతింటాయి. వేడికి కణాల పని వేగం పెరుగుతుంది కానీ రక్త ప్రసరణ ఆ మేరకు పెరగదు. ఆక్సిజన్ చాలక కొన్ని కణాలు చనిపోతాయి, మిగిలిన వాటిలో కొన్నింటి డీఎన్ఏ పోగులు తెగుతాయి. రోహిణి కార్తెలో తగిలిన దెబ్బ శ్రావణ భాద్రపదాల్లో బయటపడుతుందన్నమాట. అప్పటికి వానలు పడి ఊరు చల్లబడి ఉంటుంది. మే నెల ఎండ సంగతి భర్తకూ భార్యకూ వైద్యుడికీ, ఎవరికీ గుర్తుండదు. గడిచిన మూడు నెలలు ఎక్కడ ఏం పని చేశావని అడిగితేనే ఆ ముడి విడుతుంది.

వేడికి మగవారి సంతాన శక్తి తగ్గుతుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. స్విట్జర్లాండ్‌కు చెందిన వైద్యురాలు మార్థా వోగెలి 20వ శతాబ్దం మొదటి సగంలో భారతదేశంలో పనిచేస్తూ, వేడినీటి తొట్టి స్నానాన్ని మగవారి గర్భనిరోధక పద్ధతిగా పరీక్షించారు. సుమారు 46 డిగ్రీల నీళ్లలో రోజుకు 45 నిమిషాల చొప్పున మూడు వారాలు కూర్చుంటే ఆరు నెలల పాటు సంతాన శక్తి ఉండదని, ఆ తర్వాత మళ్లీ వస్తుందని ఆమె చెప్పారు. నీటి వేడీ గాలి వేడీ ఒకటి కావు. నీరు వేడిని చాలా వేగంగా ఒంట్లోకి పంపుతుంది. కానీ ఆమె చెప్పిన రెండో సగం, అంటే శక్తి తిరిగి వస్తుందన్నది, వైద్యపరంగా చాలా విలువైనది. వేడి చేసే హాని చాలావరకు తాత్కాలికం. వేడి నుంచి తప్పిస్తే మనిషి కోలుకుంటాడు. తప్పించుకోలేని పనిలో ఉన్నవాడి సంగతే అసలు ప్రశ్న.

1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రిచర్డ్ లెవీన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో ఆరుబయట పనిచేసే మగవారి వీర్యాన్ని శీతాకాలంలోనూ వేసవిలోనూ పరీక్షించారు. శీతాకాలంతో పోలిస్తే వేసవిలో వీర్యకణాల సాంద్రత 32 శాతం తక్కువగా కనిపించింది. ఆ తేడా మొత్తం వేడి వల్లే అనడం తొందరపాటవుతుంది. వేసవిలో పగటి పొడవు కూడా మారుతుంది, అలవాట్లూ మారతాయి. అయినా అది చూపిన దిశను తోసిపుచ్చలేం.

ఇక్కడే ఒక హెచ్చరిక. హగాయ్ లెవీన్ బృందం 2022లో ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, 1973 నుంచి 2018 మధ్య వీర్యకణాల సాంద్రత సగానికి సగం పడిపోయిందని చెప్పింది. ఆ లెక్క పద్ధతి మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది. ఆ తగ్గుదల నిజమే అయినా దానికి పొగ తాగడం, ఊబకాయం, పురుగు మందులు, ప్లాస్టిక్ రసాయనాలు, ఇలా అనుమానించాల్సినవి చాలా ఉన్నాయి. దాన్నంతా భూతాపం నెత్తిన వేసేవారిని నమ్మకండి. అతిశయోక్తి వల్ల నిజమైన బాధితులకే నష్టం.

వేడికీ సంతానానికీ ఉన్న ముడి రైతులకు మనకన్నా ముందే తెలుసు. ఎండాకాలంలో గేదె ఎదకు వచ్చినా లక్షణాలు పైకి కనిపించవు. పశువైద్యులు దాన్ని మూగ ఎద అంటారు. అందుకే పాడి రైతు మధ్యాహ్నం గేదెను చెరువులోకి తోలతాడు, లేకపోతే గోనె పట్టా తడిపి కప్పుతాడు. వరి పూత సమయంలో 35 డిగ్రీలు దాటిన ఎండ కొద్ది సేపు కాసినా పుప్పొడి పనిచేయదు, గింజ తాలు పోతుంది. చేను పచ్చగానే ఉంటుంది, గింజ మాత్రం ఉండదు. 2018లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఏంగ్లియా విశ్వవిద్యాలయం వారు మన పిండి డబ్బాల్లో కనిపించే ఎర్ర పురుగుల మీద ప్రయోగం చేశారు. ఐదు రోజుల కృత్రిమ వడగాడ్పుకు మగ పురుగుల సంతానం సగమైంది. రెండోసారి వడగాడ్పు తగిలిన మగ పురుగులు దాదాపు గొడ్డుపోయాయి. ఆడ పురుగులకు నేరుగా అంత నష్టం జరగలేదు. 2021లో 43 జాతుల పండు ఈగలను పరీక్షించినప్పుడు, దాదాపు సగం జాతుల్లో చావు తెచ్చే వేడి కన్నా తక్కువ వేడికే మగ ఈగలు సంతాన శక్తిని కోల్పోతాయని తేలింది.

ఈగకు వర్తించిందల్లా మనిషికి వర్తించదు. మనిషికి చెమట ఉంది, నీడ ఉంది, ఇల్లుంది. కానీ ఈ ప్రయోగాల నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది, నా ఉపన్యాసమంతా దాని మీదే నిలబడి ఉంది. ప్రాణం తీసే వేడి ఒక మెట్టు మీద ఉంటే, సంతానాన్ని తీసే వేడి అంతకంటే కింది మెట్టు మీద ఉంటుంది. మన ప్రభుత్వాలు పై మెట్టునే లెక్కపెడుతున్నాయి. 2015 మే నెల వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా చనిపోయారు. ఆ లెక్క తీశారు, కొందరికి పరిహారం ఇచ్చారు. అదే మే నెలలో ఎన్ని కడుపులు పోయాయో, ఆ తర్వాతి మూడు నెలల్లో ఎంతమందికి నెల తప్పాల్సింది తప్పలేదో లెక్క తీయాలన్న ఆలోచన ఏ ఒక్క కార్యాలయంలోనూ రాలేదు.

ఇలాంటి లెక్క తీస్తే ఏం కనిపిస్తుందో అమెరికా ఆర్థికవేత్తలు ఆలన్ బారెకా, ఒలివియర్ డెషెన్, మెలనీ గల్డి చూపించారు. 1931 నుంచి 2010 వరకు ఆ దేశపు జనన నమోదులను, ఉష్ణోగ్రతలను ఎదురెదురుగా పెట్టి చూశారు. సగటు ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీలు దాటిన రోజు ఒక్కటి అదనంగా వస్తే, తొమ్మిది నెలల తర్వాత ఆ నెల జననాలు 0.4 శాతం తగ్గుతున్నాయి. తర్వాతి నెలల్లో అందులో మూడో వంతు దాకా తిరిగి పూడుతోంది. మిగిలింది పూడటం లేదు. ఒక్క రోజుకు 0.4 శాతమంటే చిన్నదిగా తోస్తుంది, వరసగా 20 రోజులు అలా ఉంటే అది చిన్నది కాదు. ఏసీలు ఇళ్లల్లోకి వచ్చాక ఈ ప్రభావం బాగా తగ్గిందని కూడా వారే గమనించారు. ఆ లెక్కను యథాతథంగా మన దగ్గరికి తేలేం. గుంటూరులోనూ ఖమ్మంలోనూ ఏడాదిలో సగానికి పైగా రోజులు ఆ 27 డిగ్రీలు దాటే ఉంటాయి, తరతరాలుగా ఒళ్లు కొంత అలవాటు పడింది కూడా. కానీ అలవాటు పడిన వేడి వేరు, అలవాటును మించిపోతున్న వేడి వేరు. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దాని కంటే సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరిగిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. రాత్రుళ్లు కూడా చల్లబడకపోతే పగలు పడిన దెబ్బ నుంచి ఒళ్లు తేరుకునే గంటలే ఉండవు. రేకుల ఇంట్లో పడుకునేవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక ఆడవారి సంగతి. అండాలు ఒంటి లోపలే ఉంటాయి కాబట్టి వాటికి వేడి తగలదని చాలాకాలం అనుకున్నారు. బోస్టన్‌లో సంతాన చికిత్సకు వచ్చిన స్త్రీలను పరిశీలించి ఆడ్రీ గాస్కిన్స్ బృందం 2021లో ఒక సంగతి చెప్పింది. పరీక్షకు ముందు మూడు నెలల్లో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ ఎక్కువైతే, అండాశయంలో ఎదగడానికి సిద్ధంగా ఉన్న అండాల తిత్తుల సంఖ్య 1.6 శాతం తక్కువగా కనిపించింది. చల్లటి ఊళ్లో చేసిన అధ్యయనమిది. ఒక్కదాని మీద పెద్ద తీర్పులు కట్టకూడదు. కానీ ఆడవారి విషయంలో అసలు గండం అండం దగ్గర కంటే కడుపు నిలిచాక వస్తోంది.

కడుపులో బిడ్డ ఒంటి వేడి తల్లి ఒంటి కన్నా అర డిగ్రీ ఎక్కువ. ఆ వేడి మాయ ద్వారా తల్లి రక్తంలోకి వచ్చి, తల్లి చర్మం మీదుగా బయటికి పోవాలి. తల్లే ఎండలో ఉంటే ఆమె రక్తం చర్మం వైపు పరుగెడుతుంది, మాయకు వెళ్లేది తగ్గుతుంది. చెమటతో నీరు పోయి రక్తం చిక్కబడుతుంది. పశ్చిమాఫ్రికాలోని గాంబియాలో అనా బోనెల్ అనే వైద్యురాలు 92 మంది గర్భిణీ రైతు స్త్రీల వెంట పొలాల్లోకి వెళ్లి, వాళ్లు పనిచేస్తుండగా కడుపులో బిడ్డ గుండె వేగాన్ని, బొడ్డుతాడులో రక్త ప్రవాహాన్ని కొలిచారు. వేడి ఒత్తిడి ఒక డిగ్రీ పెరిగిన కొద్దీ బిడ్డ ఇబ్బంది పడే అవకాశం 17 శాతం పెరిగినట్టు 2022లో ప్రకటించారు. ప్రపంచంలో జరిగిన ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక సమీక్ష వేసింది. ఒక డిగ్రీ పెరిగితే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం 5 శాతం, వడగాడ్పుల రోజుల్లో 16 శాతం ఎక్కువని అది తేల్చింది.

వీటన్నిటికన్నా నన్ను కదిలించింది మన పొరుగునే జరిగింది. చెన్నైలోని శ్రీ రామచంద్ర సంస్థ నుంచి విద్యా వేణుగోపాల్, ఆమె సహచరులు 2017 నుంచి 2022 వరకు తమిళనాడులో 800 మంది గర్భిణులను వెంబడించి పరిశీలించారు. వారిలో పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఉప్పు మడుల్లో పనిచేసే స్త్రీలు ఉన్నారు. దాదాపు సగం మంది తీవ్రమైన వేడిలో పనిచేస్తున్నారు. నీడపట్టున పనిచేసే వారితో పోలిస్తే ఎండలో పనిచేసే వారికి కడుపు పోయే ప్రమాదం రెట్టింపని తేలింది. ఆ ఊళ్లు, ఆ పనులు, ఆ కూలి రేట్లు, ఆ ఒళ్లు మనవే. తమిళనాడు సరిహద్దు దాటి ఇటు వస్తే సూర్యుడేమీ మారడు.

మన దగ్గర ఎండ పనులు ఎవరివో ఒకసారి గుర్తుచేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ములుగు, భద్రాద్రి అడవుల్లో తునికాకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లు. పల్నాడులో, ఖమ్మంలో మిరప కోసేది, కల్లాల్లో ఎండబోసి ఏరేది ఆడవాళ్లు. ఒడిశా నుంచి భార్యాభర్తలు కలిసి వచ్చి తెలంగాణ ఇటుక బట్టీల్లో చేరతారు. ఎండలు ముదిరాక కూడా ఆ బట్టీలు నడుస్తూనే ఉంటాయి. పని గంటల లెక్కన కాక కట్టల లెక్కన, ఇటుకల లెక్కన కూలి ఇచ్చే చోట, నీడకు వెళ్లడమంటే డబ్బు పోగొట్టుకోవడమే. నీళ్లు తాగితే ఒంటేలుకు వెళ్లాలి, వెళ్లడానికి చోటుండదు. అందుకని దాహం వేసినా తాగరు. మూత్రనాళాల్లో ఇన్ఫెక్షన్లు, తెల్లబట్ట, కడుపునొప్పి. ఆసుపత్రికి వెళితే గర్భసంచి తీసేయమంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దగ్గర, తెలంగాణలో 8 శాతం దగ్గర ఉన్నారు. దీనికి ఎండ ఒక్కటే కారణమనడం లేదు. అక్కరలేని ఆపరేషన్ల వ్యాపారం పెద్ద కారణం. మహారాష్ట్రలో కరువు ప్రాంతమైన బీడ్ జిల్లాలో 2019లో విచారణ జరిపితే, సర్వే చేసిన 82,000 మంది చెరకు కోత స్త్రీలలో 13,000 మందికి పైగా గర్భసంచి లేదని తేలింది. ఒక రోజు పని మానితే జరిమానా కట్టాల్సిన చోట, నెలసరి కూడా అడ్డంకే అయింది. కరువు పెరిగితే అలాంటి వలసలు పెరుగుతాయి, వలసలతో పాటు ఇలాంటి ఆపరేషన్లూ పెరుగుతాయి. సంతాన శక్తి మీద వాతావరణం దెబ్బ ఇలా చుట్టూ తిరిగి కూడా తగులుతుంది.

ఇక నీటి సంగతి. బంగ్లాదేశ్ తీరంలో సముద్రపు ఉప్పు నీరు బావుల్లోకి, చెరువుల్లోకి ఎక్కుతోంది. దాకోప్ ప్రాంతంలో అనైర్ ఖాన్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వానలు లేని కాలంలో గర్భిణుల్లో రక్తపోటు 12 శాతం మందికి ఉంటే, వానాకాలంలో 5 శాతం మందికే ఉంది. వానలు లేని కాలంలో తాగే నీటిలో ఉప్పు ఎక్కువ, వానాకాలంలో తక్కువ. అదే దేశంలోని చకారియాలో 2012 నుంచి 2017 వరకు 12,867 గర్భాలను గమనిస్తే, సముద్రానికి 20 కిలోమీటర్ల లోపు, ఏడు మీటర్ల కంటే తక్కువ ఎత్తులో ఉన్న ఊళ్ల స్త్రీలకు కడుపు పోయే ప్రమాదం 1.3 రెట్లు ఎక్కువని తేలింది. దివిసీమ, కోనసీమ తీర గ్రామాల్లో బోరు నీరు ఉప్పగా మారడం మనం చూస్తున్నదే. ఆ ఊళ్లల్లో గర్భిణికి బీపీ చూసేటప్పుడే ఇంట్లో తాగే నీటి ఉప్పు కూడా చూడాలి. దాని ఖర్చు చాలా తక్కువ.

గాలి గురించి ఒక్క అంకె చెప్పి ముందుకు వెళతాను. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో గాలి కాలుష్యం వల్ల ఏటా సుమారు 3,50,000 గర్భాలు నిలవడం లేదని 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక అంచనా ప్రచురించింది. భూమిని వేడెక్కించే బొగ్గు, డీజిలు, పంట వ్యర్థాల మంటే ఆ పొగకూ పెద్ద మూలం.

మన పెద్దవాళ్లకు ఎండకూ కాన్పుకూ మధ్య ఉన్న లెక్క తెలియదనుకోకండి. కొత్త కోడలిని ఆషాఢంలో పుట్టింటికి పంపే ఆచారానికి పెద్దలు చెప్పే కారణం ఇదే. ఆషాఢంలో నెల తప్పితే చైత్ర వైశాఖాల్లో, మండుటెండల్లో పురుడు వస్తుంది. తల్లికీ బిడ్డకీ కష్టం. అప్పటి ఎండకు ఆ ఒక్క నెల ఎడబాటు సరిపోయిందేమో. ఇప్పుడు మాఘం దాటగానే ఎండ మొదలై, మృగశిర వచ్చినా వదలడం లేదు. వైశాఖంలో పురుడు తప్పించినా, వైశాఖంలో మూడో నెలో ఏడో నెలో ఉంటుంది. ఏ నెలలో గర్భం దాల్చినా ఎక్కడో ఒకచోట వేసవి తగలక తప్పదు. ఆచారం ఇక కాపాడలేదు. చట్టం, కూలి, నీడ, నీళ్లు కాపాడాలి.

భయంతో పిల్లలు వద్దనుకునే యువత కూడా ఉన్నారు. 2021లో మన దేశంతో సహా పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల లోపు 10,000 మందిని అడిగితే, వాతావరణ మార్పు వల్ల పిల్లల్ని కనాలా వద్దా అని తటపటాయిస్తున్నామని 39 శాతం మంది చెప్పారు. అది వారి నిర్ణయం, దాన్ని గౌరవించాలి. నా బాధ ఆ నిర్ణయం తీసుకునే అవకాశం కూడా లేకుండా బిడ్డను పోగొట్టుకుంటున్నవారి గురించి. నగరంలో ఏసీ గదిలో పనిచేసే జంటకు సంతానం ఆలస్యమైతే ఐవీఎఫ్ కేంద్రం ఉంది, అప్పో సప్పో చేసి లక్షలు పెట్టగలరు. కల్లంలో మిరపకాయలు ఏరే అమ్మాయికి మూడుసార్లు కడుపు పోతే, ఆమెకు మిగిలేది అత్తింటి నిష్ఠూరం. వాతావరణ మార్పు మనుషుల సంతాన శక్తిని రూపుమాపుతుందన్న భయం నాకు లేదు. అది పిల్లలు కలిగే భాగ్యాన్ని కూలీల దగ్గర తీసుకుని నీడపట్టున ఉన్నవారికి వదిలేస్తుందన్న భయం ఉంది.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తివేసింది. ఎక్కువమంది పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి స్థాయిలో పిలుపు వచ్చింది. ఆ పిలుపు మంచిదా కాదా అన్న చర్చ ఈ సభలో వద్దు. కానీ పిల్లలు కావాలనే ప్రభుత్వానికి మొదటి బాధ్యత, ఇప్పటికే కడుపులో ఉన్న బిడ్డల్ని కాపాడటం. సంఘటిత రంగంలో ఉద్యోగినికి 2017 చట్ట సవరణతో 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. పొలంలో, బట్టీలో పనిచేసే గర్భిణికి మొదటి కాన్పుకు మాతృవందన పథకం కింద వచ్చేది 5,000 రూపాయలు. వేసవి నెలలన్నీ ఆమె ఇంట్లో ఉండాలంటే ఆ సొమ్ము ఏ మూలకూ చాలదు. ఎండ పనిలో ఉన్న ప్రతి గర్భిణికీ మార్చి నుంచి జూన్ వరకు పూర్తి కూలి ఇచ్చి నీడపట్టున ఉంచాలి. ఇది దానం కాదు, ఆమె హక్కు.

చేయగలిగినవి ఇంకా ఉన్నాయి, అన్నీ పెద్ద ఖర్చువి కావు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో వడగాడ్పులకు ఒక మున్సిపల్ ఆసుపత్రిలో పసికందులు వేడికి జబ్బుపడ్డారు. కాన్పుల వార్డు పై అంతస్తులో, కాగిన డాబా కింద ఉంది. దాన్ని కింది అంతస్తుకు మార్చారు. తర్వాత చూస్తే వేడి వల్ల ఇంటెన్సివ్ కేర్‌లో చేరే శిశువుల సంఖ్య 64 శాతం తగ్గింది. మంచాలు కిందికి దించినందుకు వచ్చిన ఫలితమది. 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక రాసుకుంది. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. తెలంగాణ 2023లో చల్లని ఇంటి కప్పుల విధానం తెచ్చింది. ఆ తెల్ల పూత ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కాన్పు గదుల మీద, అంగన్‌వాడీల మీద, బట్టీ కూలీల గుడిసెల మీద పడాలి.

చివరిగా ఈ సభలో ఉన్న వైద్యులకు, నర్సులకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు నా విన్నపం. గర్భిణుల వివరాలు మీరు ఇప్పటికే ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కిస్తున్నారు. కడుపు పోయిన ప్రతి స్త్రీ పేరు పక్కన మూడు సంగతులు రాయండి: అది ఏ నెలలో జరిగింది, అంతకుముందు పదిహేను రోజులు ఆమె ఏం పని చేసింది, తాగే నీరు ఎక్కడిది. పిల్లలు లేరని వచ్చిన మగవాడిని గడిచిన మూడు నెలలు ఏ పనిలో ఉన్నాడో అడిగి చీటీ మీద రాయండి. పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగవద్దు, దీనికి ఒక నోటుపుస్తకం చాలు. రెండు వేసవుల లెక్క మీ చేతిలో ఉంటే, జిల్లా కలెక్టరును నిలదీయడానికి, శాసనసభలో ప్రశ్న వేయించడానికి అది సరిపోతుంది. వచ్చే మార్చి ఒకటో తేదీ నుంచి మొదలుపెట్టండి.